ఐడెక్స్‌లో ఎంపికయ్యాం, సగం డబ్బు మేమే పెట్టుకోవాలి. సంతకం పెట్టమంటారా?

రాగితీగ (సోమవారం, ఉదయం 6:50)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది చర్లపల్లిలో ఏడుగురం పనిచేసే చిన్న కంపెనీ. డ్రోన్లకు మోటార్లు, వాటిని నడిపే స్పీడ్ కంట్రోలర్లు తయారు చేస్తాం. ఇన్నాళ్లూ పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల వాళ్లే మా కస్టమర్లు. ఐడెక్స్ అంటే స్టార్టప్‌లకు, చిన్న కంపెనీలకు గ్రాంటిచ్చి సేనలకు కావాల్సిన కొత్త వస్తువులు చేయించే రక్షణ శాఖ పథకం. కిందటేడాది అందులో సైన్యం అడిగిన ఒక ఛాలెంజ్‌కి దరఖాస్తు పెట్టాం. కొండల మీద పోస్టులకు సామాను మోసే డ్రోన్‌కి మోటారు, కంట్రోలర్ కావాలన్నారు. రెండు వడపోతలు దాటి, చివరి కమిటీ ముందు మాట్లాడి, ఎంపికయ్యాం. ఆ మెయిల్ చదివి వినిపించిన రోజు మా దగ్గర వైండింగ్ (మోటారుకు రాగితీగ చుట్టడం) చేసే అమ్మాయి ఏడ్చేసింది. నేను కూడా.

ఇప్పుడు అసలు విషయం. ప్రాజెక్టు ఖర్చు మా అంచనా ప్రకారం 2 కోట్ల 60 లక్షలు. అందులో సగం గ్రాంటు, సగం మాది. అంటే కోటీ ముప్పై లక్షలు మేం చూపించాలి. కంపెనీ ఖాతాలో 38 లక్షలున్నాయి, అందులోనే జీతాలు. తెనాలి దగ్గర ఎకరంన్నర ఉంది, తాకట్టు పెడదామని నాన్న అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి? మోటారు చేయగలమన్న నమ్మకం మాకుంది. చేశాక సైన్యం కొంటుందా అన్నదే టెన్షన్.

చిన్నోడు_ఈసీఈ (సోమవారం, ఉదయం 7:31)

అక్కా కంగ్రాట్స్! మన చర్లపల్లి నుంచి ఆర్మీ డ్రోన్‌కి మోటారు అంటే ఎంత గర్వంగా ఉందో. నేను ఫైనలియర్. ఇంటర్న్ కావాలంటే వచ్చేస్తా.

బాలానగర్_లేత్ (సోమవారం, ఉదయం 9:05)

తల్లీ, ముందు ఒక మాట. నాన్నగారి పొలం జోలికి పోవద్దు.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ షాపు నడుపుతున్నాను, ప్రభుత్వ సంస్థలకు పార్టులు చేసిచ్చాను. పని బాగా చేస్తే పేరు వస్తుంది, అది నిజం. డబ్బు మాత్రం దాని టైముకి అది వస్తుంది. ఒకసారి ఒక పెద్ద సంస్థకు పంపిన సరుకు తనిఖీ దగ్గర ఆరు నెలలు ఆగింది. సరుకులో తప్పు లేదు, చూడాల్సిన మనిషి సెలవులో ఉన్నాడు, తర్వాత బదిలీ అయ్యాడు. ఆ ఆరు నెలలూ మా ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి. బంగారం విడిపించుకోవచ్చు. పొలం పోతే మళ్లీ రాదు.

కంచన్‌బాగ్_పాతకాపు (సోమవారం, ఉదయం 11:40)

రాగితీగ గారికి అభినందనలు. నేను డీఆర్‌డీఓ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పథకాల పేర్లు చాలా ఉన్నాయి, కొత్తవాళ్లు తికమకపడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఐడెక్స్‌ను 2018 ఏప్రిల్‌లో చెన్నై డిఫెన్స్ ఎక్స్‌పోలో ప్రధాని ప్రారంభించారు. నడిపేది డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్. లాభాపేక్ష లేని ఆ కంపెనీని ప్రభుత్వ రక్షణ సంస్థలు హెచ్ఏఎల్, బీఈఎల్ కలిసి పెట్టాయి. మామూలు ఛాలెంజ్‌కి కోటిన్నర దాకా ఇస్తారు, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల దాకా. 2024 మార్చిలో అదితి అనే పథకం వచ్చింది, 750 కోట్ల నిధితో. అందులో కీలకమైన టెక్నాలజీలకు 25 కోట్ల వరకు ఉంటుంది. ఇవి సేనలు 'మాకు ఈ సమస్య ఉంది, ఎవరైనా తీర్చండి' అని అడిగేవి.

డీఆర్‌డీఓ నడిపే టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ (టీడీఎఫ్) వేరు. దాని పరిమితి 2022లో 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు. ఖర్చులో 90 శాతం దాకా అదే భరిస్తుంది, కానీ పుట్టిన మేధోహక్కుల్లో డీఆర్‌డీఓకి కూడా వాటా ఉంటుంది. 'సగం సగం ఎందుకు, టీడీఎఫ్‌కి పోవచ్చు కదా' అని మీకు చాలామంది చెబుతారు. మీ దగ్గర ఇప్పటికే అమ్ముడుపోతున్న మోటారు ఉంది కాబట్టి ఆ తేడా ముఖ్యం. మీ మోటారు మీ చేతిలోనే ఉండాలి.

ఇక మీ వాటా సంగతి. ఒప్పందం మీద సంతకానికి ముందు మైల్‌స్టోన్లు (ఏ దశకు ఏ పని ముగించాలి), డబ్బు విడతలు మాట్లాడుకునే సమావేశం ఉంటుంది. చాలామంది కుర్రాళ్లు అక్కడ సంతోషంలో అన్నిటికీ తలూపి వస్తారు. ఏ ఖర్చు మీ వాటాగా లెక్కకొస్తుంది, ఏది రాదు, ఎప్పటికి చూపించాలి, ఇవన్నీ అడిగి రాతలో పెట్టించుకోండి. కోటీ ముప్పై లక్షలు మొదటి రోజే ఖాతాలో ఉండాలని మీరు అనుకుంటున్నట్టున్నారు. ముందు అది నిజమో కాదో తేల్చుకోండి.

పన్నుకట్టేవాడు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో మాట అడుగుతున్నాను. మా ఊళ్లో ప్రైమరీ స్కూలుకి కప్పు లేదు. ప్రైవేటు కంపెనీలకు ప్రజల డబ్బు గ్రాంటుగా ఎందుకివ్వాలి? వస్తువు బాగుంటే బ్యాంకు అప్పిస్తుంది, ఇన్వెస్టర్లు పెడతారు.

లేహ్_డైరీ (సోమవారం, మధ్యాహ్నం 2:02)

పన్నుకట్టేవాడు గారూ, న్యాయమైన ప్రశ్న. స్కూలుకి కప్పు వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ డబ్బు దీనివల్ల ఆగలేదు. ఐడెక్స్‌కి 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు కలిపి కేటాయించింది 498.78 కోట్లు. 2025-26 ఒక్క ఏడాది రక్షణ బడ్జెట్ 6 లక్షల 81 వేల కోట్లు. అంటే ఐదేళ్ల ఐడెక్స్ ఒక ఏడాది బడ్జెట్‌లో వెయ్యో వంతు కూడా కాదు.

బ్యాంకు ఎందుకివ్వదంటే, కొనేవాడు ఒక్కడే. రాగితీగ గారి మోటారును సైన్యం వద్దంటే ఆ సైజు మోటారుకు ఇంకో గిరాకీ దొరకడం కష్టం. ఆ రిస్కు బ్యాంకు తీసుకోదు. ఎవరి అవసరం కోసం చేయిస్తున్నారో వాళ్లే కొంత మోయాలి.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేశాను, మూడేళ్లు లద్దాఖ్‌లో ఉన్నాను. పదిహేను వేల అడుగుల మీద పోస్టుకి కిరోసిన్, రేషన్ మనుషులు, గాడిదలు మోసుకెళ్తుంటే చూశాను. జారిపడి కాలు విరిగిన కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద దింపాను. ఈ డ్రోన్ పనిచేస్తే ఎవరికి ఉపయోగమో నాకు తెలుసు. అక్కడ గాలి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. రెక్క వేగంగా తిరగాలి, మోటారు వేడెక్కుతుంది, ఆ వేడిని లాక్కుపోయే గాలి ఉండదు. బయట మైనస్ ఇరవై, లోపల వైండింగ్ కాలుతుంది. చర్లపల్లిలో ఎంత బాగా తిరిగినా అది పరీక్ష కాదమ్మా.

పన్నుకట్టేవాడు (సోమవారం, మధ్యాహ్నం 2:30)

వివరంగా చెప్పినందుకు థాంక్స్ సార్. ఒకడే కొనేవాడు అన్న సంగతి నేను ఆలోచించలేదు.

గింబల్_గిరి (సోమవారం, రాత్రి 10:48)

పని ముగించుకుని ఇప్పుడే చూశాను. నేను ఈ దారిలో నడిచినవాణ్ణి. రాత్రిపూట చూసే కెమెరాను కదలకుండా పట్టుకునే గింబల్ చేశాం, ఐడెక్స్ గ్రాంటుతోనే. మంచి, చెడు రెండూ రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

మొదటి విడత చెప్పిన టైముకే వచ్చింది. రెండోది ఆలస్యమైంది, తప్పు మాదే. బిల్లులు ఒకచోట, స్టాక్ రిజిస్టర్ ఒకచోట, గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రంలో అంకెలు ఇంకోలా. సరిచేసి పంపేసరికి మూడు నెలలు పోయాయి. మొదటి రోజు నుంచే ప్రాజెక్టుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకో అక్కా. నట్టు కొన్నా అందులోంచే కొను.

తర్వాత దెబ్బ పరీక్షల దగ్గర తగిలింది. మా బడ్జెట్‌లో పరీక్షలకు ఎనిమిది లక్షలు రాసుకున్నాం. అయింది ఇరవై ఆరు. సైనిక పరికరాల పరీక్షల ప్రమాణం జేఎస్ఎస్ 55555 ప్రకారం వేడి, చలి, వణుకు, ఉప్పు పొగమంచు అన్నీ చేయించాలి. అవి మొదటిసారికే దాటాం. ఈఎమ్ఐ (విద్యుదయస్కాంత జోక్యం) పరీక్షలో మూడుసార్లు ఫెయిలయ్యాం. మా మోటార్ డ్రైవర్ నుంచి వచ్చే రేడియో రొద పరిమితి దాటుతోంది. పరీక్ష చేసే చాంబర్‌కి షిఫ్టు లెక్కన అద్దె, వెళ్లిన ప్రతిసారీ అద్దె. చివరికి తేలింది కేబుల్ షీల్డ్‌ను కనెక్టర్ దగ్గర సరిగ్గా గ్రౌండ్ చేయలేదని. నీది స్పీడ్ కంట్రోలర్ కాబట్టి మాకంటే నీకే ఈ తిప్పలు ఎక్కువ. బోర్డు గీసే దశలోనే ఈఎమ్ఐ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకో. మిలిటరీ కనెక్టర్లు ఆర్డర్ పెట్టాక నెలల తరబడి రావు, అవి మొదటి వారంలోనే పెట్టెయ్.

ఇక అసలు కష్టం. ప్రోటోటైప్ (మొదటి నమూనా) పాసైంది, అందరూ మెచ్చుకున్నారు, ఫొటోలు దిగాం. తర్వాత పద్నాలుగు నెలలు ఏమీ లేదు. గ్రాంటు అయిపోయింది, ఆర్డర్ లేదు. మాతో మొదటి నుంచీ మాట్లాడిన ఆఫీసర్ బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన బరువు ఇంకో నాలుగు వందల గ్రాములు తగ్గించమన్నారు. ఆయన అడిగింది న్యాయమే, కానీ ఒప్పందంలో లేదు. పాత మీటింగుల మినిట్స్ మా దగ్గర సంతకాలతో ఉండబట్టి నిలబడ్డాం. తొమ్మిది మంది ఇంజనీర్లలో ఐదుగురు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకూ ఇల్లు గడవాలి. సోలార్ ప్లాంట్ల తనిఖీకి అదే గింబల్‌ను మార్చి అమ్మి బతికాం. చివరికి చిన్న ఆర్డర్ వచ్చింది. డెలివరీ ఇచ్చిన రోజు మళ్లీ మనుషుల్లో పడ్డట్టనిపించింది.

అందుకే నా మాట: గ్రాంటు ఎంత అని కాదు, గ్రాంటు ముగిసిన మర్నాటి నుంచి పద్దెనిమిది నెలలు జీతాలు ఎలా అని లెక్క వేసుకో. ఆ లెక్క కుదిరితే సంతకం పెట్టు.

బాలానగర్_లేత్ (సోమవారం, రాత్రి 11:10)

గిరి బాబు చెప్పింది అక్షరాలా నిజం.

శాన్‌హోసే_సుబ్బు (మంగళవారం, ఉదయం 5:22)

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే కథ. చిన్న కంపెనీల పరిశోధనకు డబ్బిచ్చే ఎస్‌బీఐఆర్ అనే చట్టం 1982లో వచ్చింది. బయటివాళ్లతో పరిశోధన చేయించే పెద్ద శాఖలు ఆ బడ్జెట్‌లో 3.2 శాతం చిన్న కంపెనీలకు పక్కన పెట్టాలి. మన వంతు మ్యాచింగ్ డబ్బు అడగరు, కంపెనీలో వాటా తీసుకోరు. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందా అని చూస్తారు, రెండో దశలో ప్రోటోటైప్. మూడో దశకు మాత్రం ఆ నిధి నుంచి పైసా రాదు, కొనే శాఖ తన బడ్జెట్ నుంచి కొనాలి. మా పాత కంపెనీ రెండో దశ దాటి అక్కడే ఆగిపోయింది.

ఒక్క మంచి విషయం: ఎస్‌బీఐఆర్‌లో చేసిన వస్తువును మళ్లీ టెండర్ పిలవకుండా నేరుగా ఆ కంపెనీ దగ్గరే కొనే వీలు చట్టంలో ఉంది. మన దగ్గర ఎలా?

కంచన్‌బాగ్_పాతకాపు (మంగళవారం, ఉదయం 10:15)

సుబ్బు గారూ, మన దగ్గరా ఆ వీలుంది. 2020 రక్షణ కొనుగోలు విధానంలో ఐడెక్స్‌కి ప్రత్యేక దారి పెట్టారు. 2022లో దాన్ని ఇంకా సరళం చేసి, అవసరాన్ని ఆమోదించిన నాటి నుంచి కాంట్రాక్టు దాకా సుమారు 22 వారాల్లో ముగియాలన్నారు. నాలాంటి పాతవాళ్లకు అది నమ్మలేనంత వేగం.

చిక్కంతా ఆ 'అవసరానికి ఆమోదం' ముందు ఉంది. గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది. గిరి గారి పద్నాలుగు నెలలు ఆ గడియారంలో లెక్కకు రావు. 2025 ఫిబ్రవరి నాటికి 549 సమస్యలు ముందుకు తెచ్చారు, 619 స్టార్టప్‌లు, చిన్న సంస్థలు పాల్గొన్నాయి, 430 ఒప్పందాలు కుదిరాయి. చాలా పెద్ద పని అది, నేను సర్వీసులో ఉండగా ఊహించలేదు. అయితే అందులో సేనల కొనుగోలు దాకా వెళ్లినవి పదుల్లోనే. గ్రాంటును కోటిన్నర నుంచి రెండు కోట్లు చేయడం కన్నా, ప్రోటోటైప్ పాసైన రోజునే ఓ యాభై పీసులు ట్రయల్ కోసం కొనే పద్ధతి ఉంటే ఎన్నో కంపెనీలు నిలబడతాయి. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట. యాభై పీసులు వాడితే వాడేవాళ్లకూ తప్పులు తెలుస్తాయి, ఫ్యాక్టరీ దీపమూ ఆరదు.

గాజువాక_నేవీ (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

నేవీలో ఇరవై ఏళ్లు చేశాను. ఒక సలహా ఇస్తాను, డబ్బు ఖర్చు కానిది. వాడే మనిషిని కలువు. ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లు వేరు, వస్తువును చేత్తో పట్టుకునేవాళ్లు వేరు. ఒకసారి మా షిప్పు మీదకి ఒక చిన్న కంపెనీ మంచి డిస్‌ప్లే తెచ్చింది. టచ్ స్క్రీన్. మేం గ్లౌజులతో పనిచేస్తాం, చేతులకు గ్రీజు ఉంటుంది. వేలు పెడితే పలకదు. ఆ కుర్రాళ్లు రెండేళ్లు కష్టపడ్డారు, ఒక్క నావికుడితో అరగంట మాట్లాడి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది. నీ ప్రాజెక్టును సేన తరఫున చూసే నోడల్ ఆఫీసర్ని అడిగితే యూనిట్‌కి పంపే ఏర్పాటు చేస్తారు. మోటారు పాడైతే ఆ చలిలో, చేతికి తొడుగులతో, ఎన్ని స్క్రూలు విప్పాలో లేహ్_డైరీ గారిని అడుగు.

లేహ్_డైరీ (మంగళవారం, మధ్యాహ్నం 1:08)

నాలుగు మించకూడదు. అన్నీ ఒకే సైజు ఉండాలి. కింద పడితే మంచులో దొరకవు, కాబట్టి విప్పినా ఊడిపోని స్క్రూలు పెట్టండి.

ఆడిటర్_గుంటూరు (మంగళవారం, సాయంత్రం 6:20)

లెక్కల వైపు నుంచి రెండు విషయాలు. 2015 సవరణ తర్వాత ప్రభుత్వ గ్రాంట్లు ఆదాయపు పన్నులో 'ఆదాయం' నిర్వచనంలోకి వచ్చాయి. గ్రాంటు మొత్తం ఖర్చు చేయడానికే అనుకుని ఉండకండి, ఏ సంవత్సరంలో ఎంత చూపించాలో మీ ఆడిటర్‌తో ముందే కూర్చోండి. మార్చిలో హఠాత్తుగా పన్ను కట్టాల్సివచ్చిన క్లయింట్‌ని చూశాను, పాపం.

రెండోది, పొలం తాకట్టు లేకుండా అప్పు. చిన్న సంస్థల అప్పులకు హామీ ఉండే ట్రస్టు సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ మీద చిన్న సంస్థలకు ఇచ్చే అప్పుల పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు అయింది. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు వేరే గ్యారంటీ పథకం ఉంది, దాని పరిమితి 20 కోట్లు. కొన్ని బ్రాంచుల్లో మేనేజర్లు ఆస్తి కాగితాలు అడగడం అలవాటు. మర్యాదగా గ్యారంటీ పథకం పేరు చెప్పి అడగండి. కాదంటే ఇంకో బ్యాంకుకి వెళ్లండి. ఐడెక్స్ ఎంపిక లేఖ చూపిస్తే మాట వినే మేనేజర్లు ఉన్నారు.

అయస్కాంతం (మంగళవారం, రాత్రి 9:33)

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. రాగితీగ గారూ, మీ మోటారులో మ్యాగ్నెట్లు ఎక్కడివి?

రాగితీగ (మంగళవారం, రాత్రి 11:55)

ఈ ప్రశ్న వస్తుందని భయపడుతూనే ఉన్నాను. నిజం చెబుతున్నాను. వైండింగ్ మాది, స్టేటర్ (మోటారులో తిరగని భాగం) డిజైన్ మాది, బోర్డు, ఫర్మ్‌వేర్ మావి. మ్యాగ్నెట్లు మాత్రం చైనా నుంచే. 2025 ఏప్రిల్‌లో వాళ్లు అరుదైన ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాక మాకు రెండు నెలలు సరుకే రాలేదు. లైన్ ఆపేశాం.

అయస్కాంతం (బుధవారం, ఉదయం 8:10)

దాచకుండా చెప్పినందుకు గౌరవం పెరిగింది. చైనా విడిభాగాలున్నాయని సైన్యం 400 సామాను డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసిన వార్త 2025 ఫిబ్రవరిలో వచ్చింది, చూసే ఉంటారు. అందులో ఎక్కువ భయం ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ గురించి. మ్యాగ్నెట్‌లో కోడ్ ఉండదు నిజమే, కానీ యుద్ధం వచ్చిన నెలలో సరుకు ఆగితే మోటారే ఉండదు.

మనకు దగ్గర్లోనే దారులున్నాయి. కంచన్‌బాగ్‌లోని లోహాల పరిశోధన సంస్థ ఎన్ఎఫ్‌టీడీసీ చాలాకాలంగా నియోడైమియం మ్యాగ్నెట్ల మీద పనిచేస్తోంది. విశాఖ దగ్గర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటు సమారియం కోబాల్ట్ మ్యాగ్నెట్లు చేస్తుంది. సమారియం కోబాల్ట్ బలం కాస్త తక్కువ, వేడికి మాత్రం బాగా ఆగుతుంది. వైండింగ్ వేడి సమస్య ఉన్న మీ మోటారుకి అది ఆలోచించదగ్గదే. బరువు పెరుగుతుంది, లెక్క వేసి చూడండి. 2025 నవంబరులో కేంద్రం దేశంలో మ్యాగ్నెట్ల తయారీకి 7,280 కోట్ల పథకం ఆమోదించింది. ఆ ఫ్యాక్టరీలు వచ్చేసరికి మీ మోటారు సిద్ధంగా ఉంటే ముందు వరసలో మీరే ఉంటారు.

కంచన్‌బాగ్_పాతకాపు (బుధవారం, ఉదయం 9:02)

చాలా మంచి సూచన. రాగితీగ గారూ, రెండు రకాల మ్యాగ్నెట్లతో రెండు రోటర్లూ (మోటారులో తిరిగే భాగం) ఒక మైల్‌స్టోన్‌గా రాయించండి. తర్వాత మార్చాలంటే సవరణ ఫైలు నడపాలి.

రాగితీగ (ఐదు వారాల తర్వాత, ఆదివారం)

అందరికీ. ఆలస్యమైంది, క్షమించండి. సంతకం పెట్టాం.

సమావేశానికి మీరు రాసినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పారు, నేను అనవసరంగా భయపడ్డాను. ప్రాజెక్టును కోటీ 90 లక్షలకు తగ్గించాం. పెద్ద మోటారు వదిలేసి ఒకే సైజు పెట్టుకున్నాం. మా వాటా 95 లక్షలు, అదీ దశలవారీగా. పరీక్షల పద్దు నాలుగు లక్షల నుంచి 24 లక్షలకు పెంచాం. రెండు మ్యాగ్నెట్లతో రెండు రోటర్లు రెండో మైల్‌స్టోన్. మూడో బ్యాంకులో గ్యారంటీ పథకం కింద అప్పు మంజూరైంది. పొలం కాగితాలు నాన్న బీరువాలోనే ఉన్నాయి. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు, 'నీకు ఉపయోగపడదా నాది' అన్నారు. తాకట్టు పెడతానన్న ఆ మాటే చాలు నాన్నా అన్నాను.

గిరి గారి పద్దెనిమిది నెలల లెక్క వేశాం. పదకొండు నెలలకు కుదిరింది. మిగతా ఏడు నెలలకు మందు కొట్టే డ్రోన్ల మోటార్ల ఆర్డర్లు పెంచుకోవాలి, ఆ పని ఈ వారం నుంచే మొదలుపెట్టాం. చిన్నోడు వచ్చే నెల ఇంటర్న్‌గా చేరుతున్నాడు. స్క్రూలు నాలుగే.

ఇప్పుడొక అవసరం. సమారియం కోబాల్ట్ రోటర్‌కి కొత్త షాఫ్టు కావాలి. మాకు తెలిసిన షాపులో మొదటి మూడూ ఊగుతూ వచ్చాయి.

బాలానగర్_లేత్ (ఆదివారం, రాత్రి 8:44)

బేరింగ్ కూర్చునే చోట ఎంత టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) కావాలి తల్లీ? మా గ్రైండర్ మీద ఐదు మైక్రాన్ల దాకా వస్తుంది. డ్రాయింగ్ పంపు, రేపు పొద్దున్నే ఒకటి చేసి చూపిస్తాను.